తంజావూరు సంగీత యాత్ర: తెలుగు శ్రోత ఎక్కడ ఆగాలి?

నమస్కారం. తంజావూరు మీద వచ్చే వీడియోలు చాలావరకు పెద్ద గుడి, అంటే బృహదీశ్వరాలయం దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన ఆ ఆలయం చూడదగినదే, కాదనను. అయితే ఈ రివ్యూ సంగీతం కోసం వెళ్లే తెలుగువారికి కనుక, గుడిలో ఒక్క శాసనం దగ్గర ఆగమంటాను. 400 మంది నాట్యకత్తెలను ఏయే ఊళ్ల నుంచి రప్పించారో, ఎవరికి ఏ వీధిలో ఇల్లిచ్చారో పేరుపేరునా చెక్కించిన శాసనం అది.

తెలుగుకు ఆ ఊళ్లో పీట వేసినవారు నాయకరాజులు. 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి, వైణికుడు కూడా. 24 మెట్లు (స్వరం కోసం తీగను నొక్కే అడ్డపట్టీలు) కదలకుండా ఉండే నేటి వీణ ఆయన కాలంలోనే కుదిరిందని సంప్రదాయం చెబుతుంది. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల లెక్క కట్టాడు. తరువాత వచ్చిన మరాఠా రాజులు సైతం తెలుగును గద్దె దించలేదు సరికదా, శాహజీ స్వయంగా తెలుగు యక్షగానాలు రచించాడు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చినది వీణలు చేసే చోటు. బాగా ఆరిన పనసకర్రను తొలిచి కుండ (నాదం పలికే బుర్ర), దండి (పొడవాటి మెడ), యాళి తల (సింహం వంటి కల్పిత జంతువు తల) విడివిడిగా చేసి అతకడం ఒక పద్ధతి. అంతా ఒకే మొద్దులోంచి తీస్తే అది ఏకాండ వీణ, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. తప్పక చూడవలసింది మాత్రం మెట్లు అమర్చడం. నల్లటి మైనం మెత్తగా ఉండగానే పనివాడు మెట్టును అందులో అదిమి, తీగ మీటి, చెవి ఒగ్గి విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతాడు. శ్రుతి నిలిచేదాకా అలా జరుపుతూనే ఉంటాడు. కొనదలచినవారు నగిషీకి మురిసిపోక, ప్రతి మెట్టు మీద స్వరం వాయించి విని మరీ కొనండి.

తంజావూరుకు 13 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున తిరువైయారు ఉంది. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనలో వందలమంది ఒక్క గొంతుగా పంచరత్న కీర్తనలు పాడతారు. ఆ గోష్ఠిలో కూర్చోవడం ఒక అనుభవమే గాని, నిదానంగా వినాలనుకునేవారికి ఆ రద్దీ పనికిరాదు. వారు మరో రోజు వెళ్లడమే మేలు. అప్పుడైనా సమాధికి దండం పెట్టుకుని వెనుదిరగకుండా, ఎదురుగా ఉన్న గాయని బెంగుళూరు నాగరత్నమ్మ విగ్రహం దగ్గర నిలబడండి. సొంత సొమ్ముతో ఆ సమాధికి మందిరం కట్టించినది ఆమె. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి అచ్చు వేయించినది కూడా ఆమే. ఆ పుస్తకాన్ని ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. త్యాగరాజ భక్తురాలిగా ఆమెను తలచే మనవాళ్లు ఈ రెండో సంగతి ఎందుకో దాటవేస్తుంటారు.

తిరిగి తంజావూరుకు వస్తే, అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలోని తెలుగు తాళపత్రాలు పరిశోధకులకు నిధి. మామూలు యాత్రికుడికి ఒక పూట చాలు.

సాధారణంగా మే నెలలో వచ్చే నరసింహ జయంతికి వెళ్లగలిగితే దగ్గరలోని మెలట్టూరును వదలకండి. అచ్యుతప్ప నాయకుడు తెలుగు కుటుంబాలకు భూములిచ్చి నిలిపిన ఊరది. అక్కడి భాగవత మేళం అనే నృత్యనాటకంలో స్త్రీ పాత్రలు కూడా పురుషులే ధరిస్తారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలను తమిళం మాట్లాడే ఇళ్లవారు కంఠస్థం చేసి ఆడతారు. ఆట రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది కనుక బసకు, తిరుగు ప్రయాణానికి ముందే ఏర్పాటు చేసుకోండి.