కొండను తవ్వి ఎలుకను పట్టే చదువు

ముందే చెప్పేస్తాను. ఆహ్వాన పత్రికలో నా పేరు కింద "వన్యప్రాణుల పరిశోధకురాలు" అని వేశారు. అది చూసి పులుల ఫొటోలు చూపిస్తాననుకుని కొందరు వచ్చినట్టున్నారు. నా దగ్గర పులి లేదు. ఈ హైదరాబాద్‌లోనే డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతూ, వాళ్లను వెంటేసుకుని ఎలుకల వెనకాల తిరగడమే నా పని. ఏడాది చివర "కొండను తవ్వి ఎలుకను పట్టారా?" అని మా ఇంట్లో అడుగుతారు. పట్టామండి. తవ్వి తవ్వి ఎలుకను కూడా పట్టలేని ఏళ్లున్నాయి. ఇవాళ ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

మొదటి రోజు క్లాసులో నేనొక ప్రశ్న వేస్తాను. ఇంగ్లీషు వాళ్లు తెలుగు నుంచి తీసుకున్న జంతువు పేరు ఒకటి చెప్పండి అని. ఎవరూ చెప్పరు. బాండికూట్! మన పందికొక్కే. పెద్ద పందికొక్కు కోపమొస్తే వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. ఒక్కసారి విన్నవాళ్లకు ఆ పేరెందుకొచ్చిందో ఇక చెప్పక్కర్లేదు. ఆ మాట ఇక్కణ్ణుంచి ఆస్ట్రేలియా దాకా పోయి, ఎలుక జాతితో ఏ సంబంధమూ లేని, సంచిలో పిల్లల్ని పెంచే జంతువుకు అతుక్కుంది. మన మాట, వేరే వాళ్ల జంతువు.

ఇంకో పేరుంది. మన చేలల్లో మెత్తటి బొచ్చుతో ఒక ఎలుక ఉంటుంది. శాస్త్రీయ నామం మిల్లార్డియా మెల్టాడా. ఆ రెండో ముక్కను నెమ్మదిగా పలికి చూడండి, లోపల "మెట్ట" వినిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, ఎలుకల్ని తవ్వి పట్టుకునే వడ్డెరలను, యానాదులను అడిగి పేర్లు రాసుకున్నాడు. మరో ఎలుకకు ఆయన పేరే పెట్టారు: గోలుండా ఎలియోటి. కలుగు ఎక్కడుందో, దాన్ని ఎటు నుంచి తవ్వాలో చూపించిన మనిషి పేరు మాత్రం ఏ ఎలుకకూ లేదు. మా పిల్లలతో పొలానికి వెళ్లినప్పుడు ఊళ్లో చెప్పినవాళ్ల పేర్లు రికార్డు బుక్కు మొదటి పేజీలోనే రాయాలని నేను పట్టుబట్టేది అందుకే.

సరే, పుస్తకాల్లోని ఎలుక సంగతి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడ ప్రయోగాల కోసం విస్టార్ అనే సంతతి తెల్ల ఎలుకల్ని దశాబ్దాలుగా పెంచుతున్నారు. వాటి మీద జరిగిన పని చాలా విలువైనది, నేను కాదనను. కానీ ఆ ఎలుక పుట్టుక నుంచి పంజరంలోనే ఉంటుంది. వేళకు తిండి, వేళకు వెలుతురు. పాము తెలియదు, గుడ్లగూబ తెలియదు, వరికోతలు తెలియవు. మన పిల్లలకు "ఎలుక" అంటే అదే. ఇంటి వెనక మోరీ పక్కన తిరిగేది వేరే జీవి అన్నట్టు చూస్తారు.

2014లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల మీద ఉండే కేంద్ర సంస్థ, జువాలజీ ల్యాబుల్లో జంతువుల కోతలను ఆపేసింది. మా తరం మాస్టర్లలో చాలామంది ఇక ప్రాక్టికల్స్ ఏముంటాయని తల పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను, అబద్ధం ఎందుకు. తర్వాత ల్యాబ్‌లో కంప్యూటర్ పెట్టి కప్ప బొమ్మ కోయించారు. అదీ ప్రాక్టికలేనా? నా లెక్కలో కాదు. జంతువును కోయొద్దన్నారే గానీ చూడొద్దనలేదు కదా.

చూడటానికి ఖర్చు కూడా లేదు. శంకర్‌పల్లి వైపు వరి చేలకు సాయంత్రం వెళ్తాం. గట్ల మీద కనిపించిన ప్రతి కలుగునూ మట్టితో మూసి, పక్కన నంబరు రాసిన పుల్ల గుచ్చుతాం. పొద్దున్నే వెళ్లి ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెడతాం. తెరుచుకున్నదంటే లోపల ఎవరో ఉన్నట్టు. ఎలుకను ముట్టుకునే పనే లేదు. వినడానికి చాలా తేలిక. కానీ మొదటిసారి వెళ్లిన బ్యాచి కనిపించిన బొక్కనల్లా మూసేసింది. సగానికి పైగా పీతలవి! చిన్న పందికొక్కు తవ్విన చోట వదులు మట్టి కుప్పగా పడి ఉంటుంది. పీత బొరియ దగ్గర తడి మట్టి ఉండలు ఉంటాయి. ఈ తేడా చెప్పింది నేను కాదు, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఒక పెద్దమ్మ. "గదేం చదువు బిడ్డా, పీతకూ కొక్కుకూ ఫరక్ తెల్వదా?" అంది. చిన్నప్పుడు కోతలయ్యాక కలుగులు తవ్వి, లోపల కొక్కులు దాచుకున్న వెన్నులు ఏరుకునేవాళ్లమని కూడా చెప్పింది. అర మీద అర, దాంట్లో వడ్లు. ఆ రోజు పాఠం ఆమెదే.

బోన్లు పెట్టడం తర్వాతి మెట్టు. మడిచి సంచిలో పెట్టుకోగలిగిన అల్యూమినియం పెట్టెలు, షెర్మన్ ట్రాప్‌లంటారు. ఎలుక లోపలికి వెళ్లి పలక మీద కాలు వేస్తే తలుపు పడుతుంది, అంతే. విదేశీ పుస్తకాల్లో ఎరగా పీనట్ బటర్, ఓట్స్ అని రాసి ఉంటుంది. మేము వేయించిన పల్లీలు, కాస్త బెల్లం దంచి పెడతాం. నిన్నటి మిర్చి బజ్జీ ముక్క కూడా బాగానే పని చేస్తుంది. పట్టుకున్న దాన్ని గుడ్డ సంచిలోకి దించి తూకం వేయాలి, తోక కొలవాలి. ఇంటి ఎలుకకు తోక ఒంటికన్నా పొడుగు, పందికొక్కుకు పొట్టి. వీపు మీద కాస్త వెంట్రుకలు కత్తిరించి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదిలేయాలి. మళ్లీ బోన్లు పెట్టినప్పుడు గుర్తున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని చూస్తాం. ఇరవైకి గుర్తు పెట్టామనుకోండి. రెండోసారి ఇరవై ఐదు పడితే వాటిలో ఐదింటికే గుర్తుంది. అంటే పడినవాటిలో ఐదోవంతు మనం చూసినవే. ఆ లెక్కన గుర్తు పెట్టిన ఇరవై కూడా మొత్తంలో ఐదోవంతే, అంటే అక్కడ సుమారు వంద ఉన్నట్టు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా దీన్ని పొలంలో నిలబడి చేసేస్తారు.

బోనులో మొదట పడేది తరచుగా చుంచు. చుంచు ఎలుక అంటాం గానీ అది ఎలుక కాదు, పురుగులు తినే వేరే జాతి. పొడుగాటి మూతి, ముక్కు పగిలే కంపు. మరోపక్క మన చెట్ల మీది ఉడుత మాత్రం అచ్చంగా ఎలుకల వర్గానిదే. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

ఇప్పుడొక తప్పు చెప్పాలి, నాదే. ఏప్రిల్ నెల. తెల్లారకముందే బోన్లు తీసేయాలన్నది నేనే పెట్టిన రూల్. ఆ రోజు ఆటో దొరకలేదు, నేను వెళ్లేసరికి ఎనిమిదిన్నర. ఎండలో అల్యూమినియం ఎలా కాలుతుందో మీకు తెలుసు. ఒక పెట్టెలో ఆడ ఎలుక, చనిపోయి ఉంది. పాలు తాపుతున్న తల్లి. చుట్టూ ఎనిమిది మంది పిల్లలు నిలబడి నా ముఖం చూస్తున్నారు. "ఎథిక్స్ కమిటీకి రాయాలా మేడమ్?" అని ఒకడు మెల్లగా అడిగాడు. రాయాలి అన్నాను, రాశాను. ఆ కాగితం ఇప్పటికీ కొత్త బ్యాచికి చదివి వినిపిస్తాను. అప్పటి నుంచి మార్చి దాటాక బోన్లు పెట్టడం మానేశాం.

ఇంకో గొడవ సున్నాలతో. నాలుగు రాత్రులు ఇరవై బోన్లు పెట్టి ఒక్కటీ పట్టని జట్టు ఒకటి రికార్డులో "మూడు" అని రాసుకొచ్చింది. మార్కులు పోతాయని టెన్షన్. నేను తిట్టలేదు. ఆ మూడింటి తోకల పొడవు చెప్పమన్నాను. ముగ్గురూ నేల చూపులు చూశారు. ఆ పొలంలో వారం ముందే మందు పెట్టారని తర్వాత రైతు చెప్పాడు. సున్నా రాసి ఉంటే ఆ సంగతి అప్పుడే బయటపడేది. అప్పటి నుంచి సున్నాకు కూడా పూర్తి మార్కులిస్తున్నాను, ఎందుకు సున్నా అయిందో రాస్తేనే.

చివరగా మన రాళ్ల సంగతి. ఈ నగరం కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అలాంటి బండల మధ్య, గరుకు నేలలో, వీపు మీద ముళ్లలాంటి వెంట్రుకలుండే ఒక చిన్న ఎలుక ఉంటుంది. కలుగు దగ్గర గులకరాళ్లు పేరుస్తుంది. మా సెకండియర్ అమ్మాయి ఒకతె అలాంటి కలుగొకటి చూసి, రాళ్లను కదపకుండా ఒక్కోదాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. మర్నాడు వెళ్లి చూస్తే రెండు చుక్కల రాళ్లు లేవు, చుక్క లేని రాళ్లు మూడు కొత్తగా వచ్చాయి. ఎందుకు పేరుస్తుంది మేడమ్ అని అడిగింది. పుస్తకం తియ్యకుండా ఇంకో పది రోజులు చూసి రమ్మన్నాను. ఇవాళ ఆరో రోజు. మీటింగ్ అయ్యాక నేరుగా అక్కడికే వెళ్తోంది. ఆ చివరి వరుసలో టార్చి పట్టుకుని కూర్చున్నది ఆమే. తోడు వెళ్లాలనుకునేవాళ్లు ఇద్దరు చాలు, ఎక్కువమంది వద్దు.