యాభై వేల గేమింగ్ కంప్యూటర్: ఎస్‌ఎంపీఎస్ సంగతి ముందు చూడండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన లైబ్రేరియన్ గారికి నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మీకోసమే నేను వచ్చింది.

గ్రంథాలయ వారోత్సవాల్లో గేమింగ్ కంప్యూటర్ గురించి ప్రసంగం ఏమిటని ఇందాక గుమ్మం దగ్గర ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అయ్యా, మన నరసరావుపేటలో డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. ఆటలకని కొన్న కంప్యూటర్ మీదే ఆ పిల్లవాడు కోడింగ్ నేర్చుకుంటాడు, ఆటోక్యాడ్ వేస్తాడు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఫీజుకు డబ్బులు తెచ్చుకుంటాడు. ఆ యాభై వేలు చాలా ఇళ్లలో చీటీ పాడిన డబ్బు. ఆ డబ్బు ఎలా పోతోందో చెప్పడానికే ఒప్పుకున్నాను.

నేను కంప్యూటర్లు అమ్మను. రిపేరు చేస్తాను. నా బల్ల మీదకు వచ్చేవన్నీ పాడైనవే. ఎక్కడ డబ్బు మిగిల్చారో, దానివల్ల ఏది పోయిందో నాకు అక్కడ కనిపిస్తుంది.

కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్‌తో మొదలుపెడతాను. ‘ఐ7 గేమింగ్ పీసీ, ఇరవై వేలకే’ అని మీ ఫోన్లకు వస్తుంటుంది. ఐ7 తర్వాత ఏ నంబరు ఉందో చూడండి. 3770 అని ఉంటే అది 2012 నాటి ప్రాసెసర్. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ పేరుకు ఐ3, లోపల లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగే, అయినా ఆటల్లో ఆ పాత ఐ7ని దాటిపోతుంది. ఇంకో చిక్కుంది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పనిచేస్తుంది, 3770 అంతకంటే పాతది. ఎక్కించేటప్పుడు విండోస్ చేసే తనిఖీని అమ్మేవాళ్లు దాటవేసి పాత మిషన్లో 11 ఎక్కించి ఇస్తారు. విండోస్ తెరుచుకుంటుంది. పిల్లవాడు ఇంటికెళ్లి వాలరెంట్ అనే ఆట పెడితే అది తెరుచుకోదు. విండోస్ 11లో ఆ ఆటకు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. ఏ ఆట కోసం కొన్నాడో ఆ ఆటే ఆడలేడు.

కొత్తది కొనేవాళ్లకు ఆ 12100ఎఫ్ గాని, ఏఎండీ కంపెనీది, ఆరు కోర్ల రైజెన్ 5 5600 గాని చాలు. ఇంటెల్ నంబరు చివర ఎఫ్ ఉంటే అందులో తెర మీద బొమ్మ చూపించే సొంత గ్రాఫిక్స్ ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు. 5600లోనూ అంతే. కార్డు తర్వాత కొందామనుకునేవాళ్లు 5600జీ తీసుకోండి, దాని లోపలి గ్రాఫిక్స్‌తో చిన్న ఆటలు నడుస్తాయి.

గ్రాఫిక్స్ కార్డుకు మీ డబ్బులో నలభై శాతం దాకా పెట్టండి. ఆటను నడిపేది అదే. కాకపోతే పేరు చూసి కొనకండి, పూర్తి పేరు చూసి కొనండి. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 2022లో 8 జీబీ కార్డు వచ్చింది, 2024లో 6 జీబీ కార్డు వచ్చింది. తేడా మెమరీలోనే అనుకుంటారు. కాదు, చిప్పులో కోర్లు కూడా 2560 నుంచి 2304కి తగ్గాయి. జీటీ 1030లోనూ ఇంతే, డీడీఆర్4 మెమరీతో వచ్చిన రకం మొదటి రకంలో సగం పని కూడా చాలా ఆటల్లో చేయదు. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో ‘2048ఎస్‌పీ’ అని చిన్నక్షరాల్లో ఉంటే అది నిజానికి అంతకంటే తక్కువదైన 570 స్థాయి కార్డు. వీటికంటే ఘోరం, 2010 నాటి జీటీఎస్ 450 చిప్పుకు బయోస్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, మార్చి 1050టీఐ అని అమ్మడం. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అలాంటి కార్డు పెడితే పేరు పక్కనే ‘ఫేక్’ అని చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డుకు డబ్బు ఇచ్చేముందు అది నడిపి చూపించమనండి. చూపించనంటే లేచి వచ్చేయండి.

ఈ బడ్జెట్‌లో నేను చెప్పే కార్డు ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీ తెర మీద బాగా ఆడుతుంది, 132 వాట్లే తీసుకుంటుంది.

వాట్ల మాట వచ్చింది. తర్వాత ర్యామ్ గురించి చెబుదామని రాసుకొచ్చాను గాని, ముందు ఇది చెప్పకపోతే నాకు మనసు ఆగదు.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక అమ్మ వచ్చింది. మిషన్ కుట్టి కొడుకును డిగ్రీ చదివిస్తోంది. బియ్యం సంచిలో కంప్యూటర్ పెట్టుకుని బస్సులో తెచ్చింది. సాయంత్రం కరెంటు పోయి, మళ్లీ వచ్చినప్పుడు డబ్బాలో టప్‌మని పేలిందంట. విప్పి చూశాను. ప్రాసెసర్ మంచిది, కార్డు మంచిది, ముందు అద్దం, రంగురంగుల ఫ్యాన్లు. లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, మాత్రం క్యాబినెట్‌తో ఫ్రీగా ఇచ్చిన లోకల్ సరుకు. మీద 500 వాట్లని స్టిక్కరు. అది పోతూ పోతూ మదర్‌బోర్డును, కార్డును కూడా తీసుకుపోయింది. అమ్మిన షాపు వాళ్లు ‘కరెంటు తేడా వల్ల పోయింది, వారంటీ రాదు’ అన్నారు. కార్డు కంపెనీని అడుగుదామంటే, ఆమె దగ్గరున్న బిల్లు మీద ‘గేమింగ్ కంప్యూటర్, ఒక సెట్’ అని చేత్తో రాసి ఉంది. సీరియల్ నంబరు లేదు, జీఎస్‌టీ నంబరు లేదు. ‘ఎంతవుతుంది బాబూ బాగుచేయడానికి’ అని ఆమె అడిగితే నేను చెప్పలేకపోయాను. కాలిన చిప్పును బాగుచేసేది లేదు.

ఇది కరెంటు తప్పు కాదు. కరెంటు పోవడం, రావడం మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే, ఎస్‌ఎంపీఎస్ దానికి తట్టుకోవాలి. 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇవ్వడం దాని పని. తేడా వస్తే ఆగిపోవాలి, పక్కవాటిని కాల్చకూడదు. ఆ రక్షణ భాగాల్ని తీసేసి డబ్బు మిగుల్చుకునేవాళ్లున్నారు.

అమ్మలూ, నాన్నలూ, ఈ లెక్క ఒక్కటి రాసుకోండి. పెన్ను లేకపోతే ఫోన్లో రాసుకోండి. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టీలో 12 వోల్టుల గడి ఉంటుంది. దానికింద ఆంపియర్లు రాసి ఉంటాయి. ఆ అంకెను 12తో గుణించండి. ఆమె తెచ్చిన దానిమీద 16 ఉంది. పన్నెండు పదహార్లు 192. మీద రాసింది 500, ప్రాసెసర్‌కు, కార్డుకు నిజంగా అందేది 192. 6600 కార్డు 132, 5600 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76. రెండూ కలిపితేనే 208. ఇంకా ఫ్యాన్లు, డిస్కు మిగిలే ఉన్నాయి.

‘80 ప్లస్’ ముద్ర ఉంటే చాలా అని అడుగుతారు. కరెంటు వేడి రూపంలో ఎంత వృథా పోతుందో చెప్పే ముద్ర అది, రక్షణకు హామీ కాదు. ముద్రతో పాటు పేరున్న కంపెనీ, ఐదేళ్ల వారంటీ చూడండి. ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర ఉన్న 550 వాట్ల రకం నాలుగు వేల చుట్టూ దొరుకుతుంది. లోకల్ది ఏడెనిమిది వందలు. ఆ మూడు వేల తేడా మిగుల్చుకోవాలనిపిస్తే రంగు లైట్ల దగ్గర మిగుల్చుకోండి, ప్రాసెసర్ ఒక మెట్టు దిగండి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం వద్దు. వద్దని మళ్లీ చెబుతున్నాను. ఇంట్లో ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో కూడా కొనకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

టైం అయిందని లైబ్రేరియన్ గారు చూపిస్తున్నారు. మిగిలినవి గబగబా చెబుతాను. ర్యామ్ ధరలు ఈ మధ్య బాగా పెరుగుతున్నాయి. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకు వెళ్లిపోతున్నాయి. అందుకని ఒక్క 16 జీబీ స్టిక్కు చాలనిపిస్తుంది, కానీ 8 జీబీవి రెండు పెడితే రెండు దారుల్లో డేటా వెళ్తుంది, ఆట సాఫీగా నడుస్తుంది. పెట్టాక బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనేదాన్ని ఆన్ చేయండి, లేకపోతే 3200 వేగం ర్యామ్ కూడా చాలాసార్లు తక్కువ వేగంతోనే తిరుగుతుంది. క్యాబినెట్‌కు ముందువైపు అద్దం వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. మే నెలలో రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి, బోర్డుకు కాదు. సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చే 165 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60లోనే వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. అది సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, విజయవాడలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఒక్కో పార్టు పేరు, మోడల్, సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. పార్టుల డబ్బాలు వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్న చోట కొనకండి. అమ్మలూ, పిల్లవాడికి ఇంగ్లిష్ వచ్చు, వాడే చూసుకుంటాడని బయట నిలబడకండి. డబ్బు మీది, లోపలికి వెళ్లండి. పట్టీ చూపించమని, పన్నెండుతో గుణించి చెప్పమని మీరే అడగండి.

షాపుల్లో కొటేషన్ రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక ఆ కాగితం నాకు చూపించండి. నేను పేపర్ల గదిలో ఉంటాను. అందులో ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా కంపెనీ పేరు లేకుండా ఉంటే ఇంకా అడ్వాన్సు కట్టకండి.