పది రూపాయల జెల్ పెన్ను: కౌంటర్ దగ్గర ఏం చూసి కొనాలి?

(తెర మీద: రూళ్ల లాంగ్ నోట్‌బుక్ పేజీ. ఒకే చెయ్యి రెండు నీలం జెల్ పెన్నులతో పక్కపక్కనే 'కథ', 'పాఠం', 'రాష్ట్రం', 'లక్ష్మి' అని రాస్తుంది. కెమెరా బాగా దగ్గరగా.)

నమస్తే అండీ. ఈ రెండు వరసలూ కాస్త దగ్గరగా చూడండి. ఎడమవైపు 'కథ'లో థ కడుపులో చుక్క కనిపిస్తోంది. కుడివైపు ఆ చుక్క ఇంకులో కలిసిపోయి 'కధ' అయింది. 'పాఠం'లోనూ అంతే, ఠ లోపల చుక్క ఉందో లేదో వెతుక్కోవాలి. 'రాష్ట్రం' కింద ట వత్తు, ర వత్తు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయ్యాయి. రాసింది ఒకే మనిషి, కాగితం కూడా అదే. మారింది పెన్ను ఒక్కటే.

జెల్ పెన్ను కొనేటప్పుడు మనం అడిగే మొదటి మాట "ఏ కంపెనీ?" రెండోది "ఎంత?" ఈ వీడియోలో ఆ రెండూ ఆఖర్న చూద్దాం. అంతకంటే ముందు చూడాల్సింది, ఆ పెన్ను మీ అక్షరానికీ మీ కాగితానికీ సరిపోతుందా అని.

(తెర మీద: షాపు కౌంటర్. చిత్తు కాగితం నిండా సుడులు తిరిగిన గీతలు.)

మా విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ, ఏలూరు రోడ్డులో గానీ ఏ స్టేషనరీ షాపుకెళ్లినా కౌంటర్ మీద ఇలాంటి చిత్తు కాగితం ఒకటి ఉంటుంది. అందరూ దాని మీద గిరగిరా సుడులు చుట్టి "బాగానే రాస్తోంది" అని డబ్బులిచ్చేస్తారు. సుడులు చుడితే ఏ పెన్నైనా బాగానే రాస్తుందండీ. చెయ్యి లేపకుండా తిప్పుతున్నంతసేపూ లోపల బాల్ తిరుగుతూనే ఉంటుంది, ఇంకు వస్తూనే ఉంటుంది. అసలు సమస్య పెన్ను లేపి మళ్లీ పెట్టినప్పుడు వస్తుంది. తెలుగు రాసేటప్పుడు మనం ఒక్కో అక్షరానికి ఎన్నిసార్లు చెయ్యి లేపుతామో గమనించారా? తలకట్టుకి ఒకసారి, గుడికి ఒకసారి, వత్తుకి ఒకసారి. ఆ మొదటి చిన్న గీత పడకపోతే తలకట్టు ఎగిరిపోతుంది. మీరు మళ్లీ దిద్దుకోవాలి. మూడు గంటల పరీక్షలో ఆ దిద్దుబాటుకే బోలెడంత టైమ్ పోతుంది.

కాబట్టి షాపులో సుడులు మానేసి నాలుగు మాటలు రాయండి. మీ పేరు, మీ ఊరు, 'పాఠం', 'రాష్ట్రం'. మీరు మామూలుగా రాసే సైజులో, మామూలు స్పీడులో. తర్వాత పెన్ను మూత పెట్టకుండా ఒక నిమిషం పక్కన పెట్టండి. ఆ నిమిషంలో షాపాయనతో రేటు మాట్లాడుకోండి. మళ్లీ తీసి ఒక తలకట్టు పెట్టి చూడండి. మొదటి గీతే పడితే ఆ పెన్ను క్లాసులో కూడా మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. వీలైతే మీ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, ఎందుకన్నది ఇంకాసేపట్లో చెప్తాను.

(తెర మీద: పారదర్శకమైన రీఫిల్. నీలం ఇంకు, దాని వెనకాల తెల్లటి జిగురు లాంటి పొర. పక్కనే బాల్ బొమ్మ.)

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మామూలు బాల్ పెన్నులో ఉండేది నూనె ఆధారంగా చేసిన చిక్కటి ఇంకు. జెల్ పెన్నులో ఉండేది నీళ్ల ఆధారంగా చేసిన ఇంకు, అందులో చిక్కదనం కోసం ఒక జెల్ పదార్థం కలుపుతారు. జపాన్‌లోని ఒసాకాకి చెందిన సకురా కంపెనీ ఈ రకం ఇంకుతో మొదటి పెన్నుని 1984లో మార్కెట్లోకి తెచ్చింది. వాళ్లు సాధించింది ఏంటంటే, కదలకుండా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, బాల్ తిరిగినప్పుడు మాత్రం పలచబడే ఇంకు. గడ్డపెరుగు గరిటెతో తిప్పితే పలచనవుతుంది కదా, అలా అన్నమాట. తేడా ఏంటంటే పెరుగు మళ్లీ గడ్డకట్టదు, ఈ ఇంకు మాత్రం కాగితం మీద పడగానే చిక్కబడిపోతుంది. అందుకే జెల్ గీత అంత ముదురుగా, అంచులు స్పష్టంగా కనిపిస్తుంది. నొక్కాల్సిన పని కూడా లేదు. పేజీలకు పేజీలు రాసేవాళ్లకి వేళ్లు నొప్పి పుట్టకపోవడానికి కారణం ఇదే.

ఇంకు వెనకాల కనిపిస్తున్న ఆ జిగురు పొర చూశారా? అది ఇంకు వెనక్కి కారకుండా, ఎండిపోకుండా కాపాడుతుంది. ఇంకు తగ్గేకొద్దీ దాని వెంటే ముందుకి జరుగుతుంది. కొనేటప్పుడు ఆ పొరకీ ఇంకుకీ మధ్య ఖాళీ కనిపించినా, ఇంకు మధ్యలో బుడగ కనిపించినా ఆ పెన్ను పక్కన పెట్టేయండి. ఎంత కొత్తదైనా సరే.

(తెర మీద: 0.5, 0.7, 1.0 అని రాసిన మూడు పెన్నులు, వాటి గీతలు.)

పెన్ను మీద 0.5, 0.7 అని ఉండేది కొనలో ఉన్న బాల్ సైజు, మిల్లీమీటర్లలో. కాగితం మీద పడే గీత దానికంటే సన్నగానే ఉంటుంది. అయితే ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. 0.7 బాల్ పెన్ను వాడినవాళ్లు అదే నంబరు చూసి 0.7 జెల్ కొంటారు. జెల్‌లో ఇంకు ఎక్కువ దిగుతుంది కాబట్టి గీత లావుగా పడుతుంది. ఇంగ్లిష్ రాసేవాళ్లకి అది అందంగానే ఉంటుంది, పెద్ద పెద్ద అక్షరాలైతే మరీను. తెలుగు అలా కాదు. మనకి ఒక్కో గీత మీద అర్థం ఆధారపడి ఉంది. అక్షరం కిందే ఇంకో అక్షరం ఉంది. రూళ్ల నోట్‌బుక్‌లో మొదటి లైను వత్తులు రెండో లైను గుళ్లకి తగులుతుంటాయి. అందుకే తెలుగు మీడియం పిల్లలకీ, చిన్న అక్షరాలు రాసేవాళ్లకీ 0.5 తీసుకోమని నా సలహా. సంతకాలకి, హెడింగులకి 0.7 లేదా 1.0 వాడుకోండి. లెక్కలు చేసేవాళ్లు కూడా 0.5 వైపే ఉండండి, వర్గం గుర్తులూ పాదాంకాలూ తేటగా పడాలి కదా.

0.5తో ఒక చిక్కు ఉంది. కొన సన్నగా ఉన్నప్పుడు గరుకు కాగితం మీద కాస్త గీకుతున్నట్టు అనిపిస్తుంది. గట్టిగా నొక్కి రాసే అలవాటున్నవాళ్లకి అది మరీ తెలుస్తుంది. వాళ్లు 0.6 దొరికితే చూడొచ్చు.

(తెర మీద: పేజీ తిప్పి వెనకవైపు చూపించడం. ఇంకు మచ్చలు.)

కాగితం సంగతి. మనం రోజువారీ రాతకి వాడే లాంగ్ నోట్‌బుక్కుల్లో చవకవి పలచటి కాగితంతో వస్తాయి. ముదురు ఇంకు వెనక్కి కనిపిస్తుంది, ఒక్కోసారి దిగిపోతుంది కూడా. అప్పుడు రెండోవైపు రాయడానికి మనసొప్పదు. అంటే నోట్‌బుక్ సగమే వాడినట్టు. ఇరవై రూపాయల పెన్ను కొని అరవై రూపాయల నోట్‌బుక్ పాడు చేసుకున్నట్టు. అందుకే నోట్‌బుక్ వెంట తీసుకెళ్లమన్నది. ఆఖరి పేజీలో రాసి, వెనక్కి తిప్పి చూసుకుని అప్పుడు కొనండి.

ఇక్కడే ఒక మాట. చాలామంది పైలట్ వీ5ని జెల్ పెన్ను అంటారు. అది జెల్ కాదండీ, లిక్విడ్ ఇంకు పెన్ను. రాయడానికి హాయిగా ఉంటుంది, పలచటి కాగితంలో మాత్రం తొందరగా పీల్చుకుపోతుంది. మంచి బాండ్ పేపర్ మీద రాసేవాళ్లకి ఓకే. రఫ్ నోట్స్‌కి దండగ.

ఆరడం గురించి కూడా చెప్పాలి. నీళ్ల ఇంకు కాబట్టి కాగితం కొంత పీల్చుకుని, మిగతా తడి గాల్లోకి ఆరాలి. విజయవాడలో జూలై, ఆగస్టు ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గాల్లో తేమ ఎక్కువున్న రోజున అదే పెన్ను ఆరడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటుంది. నున్నటి కాగితమైతే మరీ ఆలస్యం. ఎడమచేత్తో రాసేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి, రాసిన దాని మీదే చెయ్యి వెళ్తుంది. షాపులో ఒక మాట రాసి, మూడు అంకెలు లెక్కపెట్టి, వేలితో రుద్దండి. చెదిరితే మీకు ఆ పెన్ను వద్దు.

(తెర మీద: రీఫిల్ మీద మార్కర్‌తో చిన్న అడ్డగీత పెట్టడం.)

ఇప్పుడు డబ్బుల లెక్క. షాపుల్లో జెల్ పెన్నులు ఐదు రూపాయల నుంచి మొదలవుతాయి. పది, ఇరవై దగ్గర బోలెడన్ని రకాలు. పెన్ను రేటు కాదు, పేజీ రేటు చూడండి. జెల్ ఇంకు బాల్ పెన్ను ఇంకు కంటే చాలా తొందరగా అయిపోతుంది. అది పెన్ను తప్పు కాదు, అంత ముదురు గీత రావాలంటే అంత ఇంకు దిగాల్సిందే. రీఫిల్‌లో ఇంకు ఎక్కడివరకు ఉందో అక్కడ మార్కర్‌తో ఒక గీత పెట్టండి. పది పేజీలు రాయండి. ఎంత దిగిందో చూడండి. ఒక రీఫిల్ ఎన్ని పేజీలు వస్తుందో మీకే తెలిసిపోతుంది.

ఉదాహరణకి పది రూపాయల పెన్ను యాభై పేజీలు వచ్చిందనుకోండి, పేజీకి ఇరవై పైసలు. ఇరవై రూపాయల పెన్ను నూట ఇరవై పేజీలు వస్తే పేజీకి పదిహేడు పైసలు కూడా పడదు. అంకెలు నేను ఊహించి చెప్పినవి, మీ పెన్నుతో మీరు వేసుకోండి. దీనికి తోడు ఇంకో ప్రశ్న అడగాలి: "దీనికి రీఫిల్ విడిగా దొరుకుతుందా అండీ?" దొరుకుతుంది అంటే ఆ పెన్ను లెక్క మారిపోతుంది. రీఫిల్ మారిస్తే సరిపోయేదానికి ప్రతిసారీ పెన్ను మొత్తం కొని పారేయడం ఎందుకు? కాకపోతే ఒక కంపెనీ రీఫిల్ ఇంకో కంపెనీ పెన్నులో చాలాసార్లు పట్టదు, పొడవులు వేరు. పాత రీఫిల్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

(తెర మీద: వన్‌టౌన్ హోల్‌సేల్ షాపు. కార్బన్ పెట్టిన బిల్ బుక్ మీద బాల్ పెన్నుతో రాస్తున్న చెయ్యి.)

జెల్ పెన్ను అసలు వాడకూడని చోట్లు కూడా ఉన్నాయి. వన్‌టౌన్‌లో బిల్లు రాసేవాళ్ల చేతిలో జెల్ పెన్ను కనిపించదు, గమనించండి. కింద కార్బన్ ఉంటుంది కదా, నొక్కి రాయాలి. జెల్ పెన్నుని అలా నొక్కితే కొన పాడవుతుంది, కింద కాపీ పడదు. ఓఎంఆర్ షీటు ఉన్న పరీక్షలకీ అంతే, బాల్ పెన్ను వాడమనే చెప్తారు. నీట్ రాసేవాళ్లకైతే హాల్లోనే బాల్ పెన్ను ఇస్తారు. హాల్‌టికెట్ మీద రాసి ఉన్నది చదువుకుని వెళ్లండి, జెల్‌తో గుండ్రాలు దిద్ది తర్వాత టెన్షన్ పడొద్దు.

బ్యాంకు చెక్కుల విషయంలో మాత్రం జెల్‌దే పైచేయి. చాలా జెల్ ఇంకుల్లో రంగు, పొడి రేణువుల రూపంలో ఉంటుంది. అవి కాగితపు పోగుల్లో ఇరుక్కుని, ఆరాక నీళ్లు పడినా అంత సులువుగా పోవు. అన్ని జెల్‌లూ అలా ఉండవు, కాబట్టి ఇంట్లో ఒక ముక్క మీద రాసి, ఆరాక నీటి చుక్క వేసి చూడండి. నిలబడితే ఆ పెన్ను చెక్కులకి, దరఖాస్తులకి పక్కన పెట్టుకోండి. అన్నట్టు, చెక్కు మీద నల్ల ఇంకు వాడకూడదని ఆర్‌బీఐ చెప్పిందంటూ వాట్సాప్‌లో ఒకటి తిరిగింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ 2025 జనవరిలోనే చెప్పింది.

(తెర మీద: కింద పడిన పెన్ను. కొన దగ్గరి నుంచి.)

జాగ్రత్తల గురించి టకటకా చెప్పేస్తాను. కొత్త పెన్ను కొన మీద చిన్న మైనపు బొట్టు ఉంటే తీసేయండి, అది ఉండగా రాయదు. మూత పెట్టకుండా ఫ్యాను కింద వదిలేయొద్దు. పెన్ను స్టాండులో కొన పైకి ఉండేలా పెట్టొద్దు, పడుకోబెట్టండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే ఇంకు కక్కుతుంది. కొన నేలకి తగిలేలా పడితే బాల్ కూర్చునే గూడు వంగుతుంది, దాన్ని ఇక బాగుచేయలేం. అగ్గిపుల్లతో కొన కాల్చే వైద్యం మనవాళ్లకి బాగా అలవాటు. బాల్ పెన్నుకి ఏమో గానీ, నీళ్ల ఇంకుని కాలిస్తే ఇంకా ఎండుతుంది. తడిగుడ్డతో కొన తుడిచి, మెత్తటి రబ్బరు మీద రెండు గీతలు గీయండి. అప్పటికీ రాకపోతే రీఫిల్ మార్చేయండి.

(తెర మీద: వరసగా పెట్టిన పెన్నులు.)

సరే, కంపెనీ. లింక్, ఫ్లెయిర్, సెల్లో, హౌసర్, క్లాస్‌మేట్, రేనాల్డ్స్, యాడ్‌జెల్, ఇవన్నీ మన షాపుల్లో దొరికేవే. వీటిలో ఫలానాదే గొప్ప అని నేను చెప్పను. ఒకే కంపెనీలో ఒక మోడల్ బ్రహ్మాండంగా ఉంటుంది, పక్క మోడల్ తలకట్లు ఎగరగొడుతుంది. అందుకే ఒకే రేటులో మూడు కంపెనీలవి ఒక్కొక్కటి కొని, వారం పాటు ఒక్కో సబ్జెక్టుకి ఒక్కోటి వాడి చూడండి. వేలి దగ్గర చెమట పట్టినా జారని గ్రిప్ ఏదో మీకే తెలుస్తుంది.

నచ్చిందని వెంటనే డబ్బా కొనేయకండి. హోల్‌సేల్‌లో రేటు తగ్గుతుంది, నిజమే. కానీ జెల్ ఇంకు వాడకపోయినా లోపల నెమ్మదిగా ఎండుతూ ఉంటుంది, డ్రాయర్‌లో ఏళ్ల తరబడి పడుంటే పనికిరాదు. అలాగే ఆ డబ్బా షాపులో ఎన్నాళ్లుగా ఉందో మీకు తెలియదు. తయారైన నెల అట్ట మీద ఉందేమో చూడండి. ఉంటే కొత్తది అడగండి. పబ్లిక్ పరీక్షల ముందైతే మీకు కావాల్సినవి ఒక నాలుగు ఎక్కువ తీసుకుని, ఒక్కోదానితో ఒక పేజీ రాసి, ఆడుతున్నవే పౌచ్‌లో పెట్టుకోండి.