ఫ్రేమ్‌కి తాళం వేశారు సరే, సీటు సంగతేంటి?

(తెర మీద: ఇనుప రాడ్‌కి యూ-లాక్ వేసి ఉన్న సైకిల్. కెమెరా తాళం మీద ఆగి, నెమ్మదిగా పైకి వెళ్తుంది. సీటు ఉండాల్సిన చోట ఖాళీ గొట్టం.)

తాళం చూడండి, చెక్కుచెదరలేదు. సైకిల్ కూడా పెట్టిన చోటే ఉంది. కూర్చోడానికే ఏమీ లేదు.

ఇది నాకు జరిగిందే. పని ముగించుకుని బయటికొచ్చి, దూరం నుంచి సైకిల్ కనిపించగానే హమ్మయ్య అనుకున్నాను. దగ్గరికొచ్చి కాలెత్తబోతే అప్పుడు తెలిసింది. సీటు, దాని కింది రాడ్డు, రాడ్డుకి తగిలించిన వెనక లైటు, మూడూ మాయం. ఇంటిదాకా నిలబడే తొక్కాను. అలసట వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ కూర్చోబోవడం, కింద గొట్టం ఉందని గుర్తొచ్చి ఉలిక్కిపడి లేవడం! నవ్వకండి, ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

తాళం కొనేటప్పుడు ఎంతో ఆలోచించాను. సీటుని పట్టుకుని ఉన్నది ఒకే ఒక్క బోల్టు అన్న సంగతి మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ఈ వీడియో అలాంటి బోల్టుల బదులు పెట్టుకునే సెక్యూరిటీ బోల్టుల గురించే.

(తెర మీద: అరచేతిలో ఒక అలెన్ కీ.)

ఇది 5 ఎంఎం అలెన్ కీ. ఎల్ ఆకారంలో వంచిన ఆరు పలకల ఉక్కు పుల్ల, అంతే. దీన్ని పట్టుకుని నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరుగుదాం, కాసేపు దొంగ కళ్ళతో.

సీటు క్లాంప్, అంటే సీటు రాడ్డుని ఫ్రేమ్‌లో బిగించి పట్టే పట్టీ. ఒక బోల్టు. రెండు చుట్లు తిప్పితే రాడ్డు వదులు, పైకి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. వెనక గేరు మార్చే డీరైలర్ ఫ్రేమ్‌కి తగులుకుని ఉన్నది కూడా ఇదే 5 ఎంఎం బోల్టుతో. డిస్క్ బ్రేకులో పళ్ళేన్ని నొక్కిపట్టే కాలిపర్‌కి రెండు బోల్టులు, అవీ ఇదే సైజు. హ్యాండిల్‌ని పట్టుకున్న స్టెమ్ దగ్గర మాత్రం చాలా సైకిళ్ళకి 4 ఎంఎం పడుతుంది. ఇక ముందు చక్రానికైతే కీ కూడా అక్కర్లేదు.

(దగ్గరి షాట్: క్విక్ రిలీజ్ లివర్‌ని వేలితో తెరవడం. నట్టు నాలుగు చుట్లు. చక్రం బయటికి.)

ఈ లివర్ పేరు క్విక్ రిలీజ్. ఇది టుల్లియో కాంపాన్యోలో అనే ఇటలీ రేసర్ చలవ. 1930ల నుంచి రేసు సైకిళ్ళలోకి వచ్చింది. అంతకుముందు చక్రాలకి రెక్కల నట్లు ఉండేవి. ఒక రేసులో చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఆ నట్లు ఊడదీయలేకపోయాడని, అక్కడ పుట్టిన ఆలోచనే ఇదని ఒక కథ ఉంది. ఆ కథ నిజమా కాదా అని చరిత్ర తవ్వేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఏదైతేనేం, ఒక్కో క్షణం లెక్కపెట్టుకునే రేసర్ కోసం చేసిన వస్తువు అది. తాళం వేసి గంటలకొద్దీ వదిలిపోయే మన సైకిల్‌కి కూడా అదే బిగించి ఇస్తున్నారు.

క్విక్ రిలీజ్ లేకుండా రెండు వైపులా నట్లున్న చక్రమైతే 15 ఎంఎం పానా కావాలి. అంటే 4, 5, 6 ఎంఎం అలెన్ కీలు, ఒక 15 పానా. నాలుగూ ప్యాంటు జేబులో పట్టేస్తాయి. సైకిల్‌లో చాలా భాగం విప్పడానికి ఇవి చాలు. ఇందులో తయారుచేసేవాళ్ళ తప్పేమీ లేదు, రిపేరు సులువుగా ఉండాలని సైజులన్నీ ఒకేలా పెట్టారు. ఆ సులువు దొంగకి కూడా దక్కింది.

సెక్యూరిటీ బోల్టు చేసేది ఒక్కటే పని: ఆ జేబులో లేని పనిముట్టు అడుగుతుంది.

(తెర మీద: బల్ల మీద వరసగా నాలుగైదు రకాల బోల్టులు.)

ఎడమ చివర ఉన్నది చూడండి. మామూలు అలెన్ బోల్టులాగే ఉంది కానీ గుంట నడుమ చిన్న ముల్లు ఉంది. మామూలు కీ లోపలికి దిగదు, మధ్యలో చిల్లు ఉన్న కీ కావాలి. చవక, బాగానే ఉంది. కాకపోతే అలాంటి కీలు సెట్లుగా అమ్ముతారు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఐదు పలకల గుంట ఉన్నవాటి సంగతీ అంతే. ఖాళీగా కనిపించింది కదా అని చెయ్యి పెట్టేవాణ్ణి ఇవి ఆపుతాయి, పనిగట్టుకుని వచ్చేవాణ్ణి ఆపవు. అయినా వీటిని నేను తీసిపారేయను, ఏమీ లేనిదానికంటే నయం.

దాని పక్కది అసలు సరుకు. కోడ్ ఉన్న నట్టు. పిట్‌లాక్, పిన్‌హెడ్ లాంటి కంపెనీలు చేసేవి ఈ రకమే.

(బాగా దగ్గరి షాట్: నట్టు తల. పట్టకారుతో పట్టుకోబోతే జారిపోతుంది.)

దీనికి పలకలు లేవు. తల గుండ్రంగా, నున్నగా ఉంది. చుట్టూ గిన్నెలాంటి అంచు ఉండటంతో పట్టకారు నోరు లోపలికి దూరదు. బయటి నుంచి పట్టుకుంటే జారుతుంది. దీన్ని తిప్పేది దీనితోపాటు వచ్చిన కీ ఒక్కటే, దాని లోపలి ఆకారం ఈ నట్టుకి మాత్రమే సరిపోతుంది. పక్కవాడి దగ్గర ఇదే కంపెనీ కీ ఉన్నా, కోడ్ వేరైతే పనికిరాదు. తాళానికీ తాళంచెవికీ ఉండే సంబంధమే, కాకపోతే ఇక్కడ తాళం బోల్టు సైజులో ఉంది.

ఇంకో రకానికి కీయే ఉండదు. సైకిల్ నిటారుగా ఉన్నంతసేపు లోపల చిన్న పిన్ను అడ్డంపడి నట్టు తిరగదు. పక్కకి పడుకోబెడితేనో, తలకిందులు చేస్తేనో పిన్ను బరువుకి జారి దారి ఇస్తుంది. అబుస్ వాళ్ళ నట్‌ఫిక్స్ ఇలాంటిదే. నాకు ఈ ఆలోచన భలే నచ్చింది, కీ పోతుందన్న టెన్షన్ లేదు. కానీ మీరు పొడుగాటి గొలుసుతో వదులుగా కట్టి వెళ్తే దొంగ కూడా సైకిల్‌ని వాల్చగలడు. ఇది పెట్టుకుంటే ఫ్రేమ్‌ని స్తంభానికి ఆనించి, బిగుతుగా, నిటారుగా కట్టాలి.

చివరిది, ఉన్న బోల్టుని మార్చకుండా దాని గుంటని మూసేసేది. హెక్స్‌లాక్స్ అని వస్తుంది. అయస్కాంతం ఉన్న చిన్న బిళ్ళ, అలెన్ గుంటలో కూర్చుంటుంది, దాని కీతోనే బయటికి వస్తుంది. కొనేముందు మీ బోల్టుల దగ్గర ఒక అయస్కాంతం పెట్టి చూడండి. టైటానియం, అల్యూమినియం బోల్టులకి అంటదు. స్టెయిన్‌లెస్ స్టీల్ వాటిలోనూ కొన్నింటికి సరిగ్గా అంటదు. అప్పుడు బోల్టులు మార్చుకోవాలి.

(తెర మీద: సీటు, వెనక నుంచి.)

ఏ భాగానికి ముందు పెట్టాలి? సీటు గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే ఇక్కడే నేను రెండోసారి కూడా బోల్తాపడబోయాను.

సీటు పోయాక కొత్తది కొన్నాను, ఫ్రేమ్ దగ్గరి క్లాంప్‌కి మంచి సెక్యూరిటీ బోల్టు బిగించాను. ధైర్యం వచ్చింది. ఒకరోజు సీటు వంపు సరిచేద్దామని కిందికి వంగి చూస్తే, సీటు అడుగున ఉన్న రెండు కడ్డీలని రాడ్డు తలకి పట్టించిన బోల్టు కనిపించింది. మామూలు అలెన్ బోల్టు! అది విప్పితే రాడ్డు ఫ్రేమ్‌లోనే ఉంటుంది, సీటు మాత్రం పోతుంది. రాడ్డు కంటే సీటే కదా వాడికి కావాల్సింది. కాబట్టి సీటుకి రెండు చోట్ల బందోబస్తు కావాలి: కింద క్లాంప్ దగ్గర, పైన కడ్డీల దగ్గర.

(తెర మీద: స్టెమ్ పైన ఉన్న గుండ్రటి మూత.)

హ్యాండిల్ దగ్గర ఇందుకు పూర్తిగా తిరగబడిన కథ. స్టెమ్‌కి పక్కన రెండు బోల్టులు, ముందు నాలుగు బోల్టులు, పైన మూతకి ఒకటి. అన్నింటికీ సెక్యూరిటీ బోల్టులు వేస్తే జేబుకి చిల్లే. కానీ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌ని కాపాడటానికి పైన మూత బోల్టు ఒక్కటి చాలు. ఆ మూత స్టెమ్ రంధ్రం కంటే వెడల్పు. అది కదలనంతవరకు పక్క బోల్టులు వదులు చేసినా స్టెమ్ పైకి రాదు, స్టెమ్ రాకపోతే కింద ఫోర్క్ జారదు. ముందు నాలుగు బోల్టులూ విప్పి హ్యాండిల్‌ని మాత్రం తీయొచ్చు, కానీ దానికి బ్రేకు తీగలు, గేరు తీగలు వేలాడుతూ ఉంటాయి. వాటిని కోసి మరీ పట్టుకుపోవడం తక్కువ. ఖరీదైన హ్యాండిల్ అయితే మీ ఇష్టం.

చక్రాల్లో వెనకది ఖరీదు, గేర్ల పళ్ళచక్రాలన్నీ దాని మీదే ఉంటాయి. అయినా దానికి బోల్టు లేకుండా గడిచిపోయే ఉపాయం ఉంది. సైకిల్ రిపేరు మీద ఎన్నో ఏళ్ళు రాసిన షెల్డన్ బ్రౌన్ చెప్పిన పద్ధతి అది. యూ-లాక్‌ని ఫ్రేమ్ వెనక ముక్కోణం లోపలి నుంచి, వెనక చక్రం రిమ్‌ని కలుపుకుని స్తంభానికి వేయాలి. రిమ్ ఆ ముక్కోణంలోంచి బయటికి రాదు. ఒకే తాళానికి చక్రమూ దొరికింది, ఫ్రేమూ దొరికింది. ఇలా వేసేవాళ్ళకి ముందు చక్రానికి, సీటుకి బోల్టులుంటే సరిపోతుంది.

(తెర మీద: ముందు చక్రం. చేతులు, పాత క్విక్ రిలీజ్ బయటికి లాగడం.)

బిగించడం చూద్దాం. లివర్ విప్పి, సన్నటి కడ్డీని బయటికి లాగాలి. రెండు వైపులా కోన్ ఆకారంలో చిన్న స్ప్రింగులు ఉంటాయి, పడిపోనివ్వకండి. కొత్త కడ్డీ పెట్టేటప్పుడు స్ప్రింగు సన్న కొస చక్రం వైపు ఉండాలి. కొనేటప్పుడు కొలత చూసుకోండి. క్విక్ రిలీజ్ ఉన్న సైకిళ్ళలో ముందు హబ్, అంటే చక్రం నడుమ భాగం, వెడల్పు ఎక్కువగా 100 ఎంఎం, వెనకది 130 లేదా 135. లావు ఇరుసు ఉండే థ్రూ యాక్సిల్ అయితే 12 లేదా 15 ఎంఎం మందం అన్నది ఒక్కటే చాలదు. పొడవూ, మరలూ కూడా కలవాలి. పాతది చేతిలో పెట్టుకునే కొత్తది ఎంచుకోండి.

నట్లున్న ఇరుసుకి కూడా మరలే ముఖ్యం. కొత్త నట్టు చేత్తో మూడు నాలుగు చుట్లు హాయిగా తిరగాలి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే అది దానిది కాదు, పానా పెట్టి బలవంతం చేస్తే ఇరుసు మరలు చితికిపోతాయి. మరలకి కాస్త గ్రీజు రాయండి. లేకపోతే వానలో తడిసి, తుప్పుపట్టి, దొంగకే కాదు మీకూ ఊడదు. చక్రాన్ని ఫోర్క్‌లో పూర్తిగా కూర్చోబెట్టి, సైకిల్‌ని నేలమీద నిలబెట్టి అప్పుడు బిగించండి. సీటు క్లాంప్ మీద ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో అచ్చువేసి ఉంటుంది. ముఖ్యంగా కార్బన్ రాడ్డుకి ఆ అంకె దాటకండి.

(తెర మీద: ఉక్కు బేరింగ్ గుండు, కొవ్వొత్తి, సైకిల్ బోల్టు.)

డబ్బు పెట్టలేని వాళ్ళకి ఒక పాత కిటుకు. 5 ఎంఎం అలెన్ గుంటలో 4.76 ఎంఎం, అంటే అంగుళంలో పదహారో వంతులు మూడు, ఉక్కు బేరింగ్ గుండు దాదాపు సరిగ్గా దిగుతుంది. 4 ఎంఎం గుంటకైతే 3.97 ఎంఎం గుండు. గుండు వేసి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోయండి. కీ లోపలికి దిగదు. మీకు కావాల్సినప్పుడు సూదితో మైనం గీరి, అయస్కాంతంతో గుండు లాగేయొచ్చు. మైనానికి బదులు సూపర్ గ్లూ వాడేవాళ్ళూ ఉన్నారు, దాన్ని కరిగించడానికి అసిటోన్ కావాలి. చక్రానికి, బ్రేకుకి మాత్రం ఈ పని చేయకండి, దారిలో అవసరం పడితే మైనం గీరుతూ కూర్చోవాలి. సీటు రాడ్డుకి, స్టెమ్ మూతకి చక్కగా పనిచేస్తుంది.

ఇక కీ. నా రెండో కథ దీని గురించే.

మొదట్లో కీ ఎక్కడ పెట్టాను? సీటు కింద చిన్న సంచిలో, పంక్చర్ సామానుతో పాటు. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు! తప్పు తెలిశాక తీసి ఇంట్లో సొరుగులో భద్రంగా దాచాను. నెల తిరగకుండా దారిలో ముందు చక్రం పంక్చర్. ట్యూబు ఉంది, పంపు ఉంది, చక్రం మాత్రం ఊడదు. నా సైకిల్‌లోంచి నా చక్రాన్ని నేనే తీసుకోలేక నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. ఇప్పుడు కీ యూ-లాక్ తాళంచెవితో ఒకే రింగులో ఉంటుంది. అది లేకుండా సైకిలే కదలదు కాబట్టి మర్చిపోయే అవకాశం లేదు. కోడ్ ఉన్న రకమైతే పెట్టెలో వచ్చిన కార్డు మీద నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, కీ పోతే ఆ నంబరు చెప్పి కొత్తది తెప్పించుకోవచ్చు. బిగించిన రోజే ఇంటి దగ్గర ఒకసారి చక్రం విప్పి మళ్ళీ పెట్టి చూడండి.

సుత్తి, ఉలి పట్టుకుని తీరిగ్గా కూర్చునేవాడు దేన్నైనా ఊడదీస్తాడు. కానీ దానికి చప్పుడవుతుంది, టైం పడుతుంది, పక్కనే రెండు చుట్లలో వచ్చే సీటు ఇంకోటి ఉంటుంది. మీ సైకిల్‌ని నలుగురు తిరిగే చోట పెట్టడం అందుకే.

(తెర మీద: అదే సైకిల్, ఇప్పుడు సీటుతో. చేతిలో మళ్ళీ అలెన్ కీలు.)

ఇప్పుడు మళ్ళీ చుట్టూ తిరుగుదాం. సీటు క్లాంప్... కీ దిగలేదు. సీటు అడుగు... గుండు అడ్డుపడింది. ముందు చక్రం... లివరే లేదు. స్టెమ్ మూత... ఊహూఁ. డీరైలర్... ఇది తిరుగుతోంది, దీనికి ఇంకా ఏమీ పెట్టలేదు. వాటర్ బాటిల్ పెట్టుకునే స్టాండు, 4 ఎంఎం... తిరిగింది.

అది నాకు ఎవరో ఉచితంగా ఇచ్చింది. పోతే పోనీ.