ఆ పాట లేకపోతే టికెట్ డబ్బులు వాపసా?

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. షోలో మనం కోరుకున్న పాట బ్యాండు వాయించకపోతే అది తప్పా అన్నదే ఈ రోజు ముచ్చట.

మొన్న పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినడానికి వెళ్తే మా వీధి కుర్రాడొకడు ప్లేటు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. "ఏమప్పా, సబ్జెక్ట్ ఏమన్నా పోయిందా?" అని అడిగా. "అది కాదన్నా, మెయిడెన్ వాళ్ళు షోలో వాయించే లిస్టులో నా పాట ఒక్కటి కూడా పెట్టలేదు" అన్నాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తా. ఐరన్ మెయిడెన్ ఇంగ్లండ్ రాక్ బ్యాండ్. 1975లో పుట్టింది. యాభై ఏళ్ళ పండగ టూర్‌ను 2025 మేలో బుడాపెస్ట్‌లో మొదలుపెట్టారు. 1980 నుంచి 1992 దాకా వచ్చిన మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయిస్తామని ముందే చెప్పేశారు. వాళ్ళు వాయించేది ఎక్కడో విదేశాల్లో, వీడు బాధపడేది మా ఊరి సప్తగిరి సర్కిల్‌లో. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే వాడి మాటలో న్యాయం ఉంది. వాడు ఆ బ్యాండ్‌ను పట్టుకున్నదే 2000 తర్వాతి పాటలతో. అప్పటినుంచి వచ్చిన ఆరు ఆల్బమ్‌ల్లో ఒక్క పాటా ఆ లిస్టులో లేదు. నలభై దాటిన నాకు పండగ, ఇరవై ఏళ్ళ వాడికి పస్తు.

పాత పాటలు అడిగేది ముసలి ఫ్యాన్సు, కొత్తవి కావాలనేది బ్యాండు అనుకుంటాం కదా. ఇక్కడ లెక్క తిరగబడింది. వాడికి చిన్నప్పటి పాటలంటే మనం ఇంకా "కొత్తవి" అంటున్నవే.

ఒకప్పుడు సెట్‌లిస్ట్ అంటే స్టేజీ మీద వాయించేవాళ్ళ కాళ్ళ దగ్గర టేపుతో అంటించిన కాగితం. చూసేవాడికి తర్వాత ఏం పాట వస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు టూర్‌లో మొదటి షో పూర్తి కాకముందే పాటల వరస ఫోన్లోకి వచ్చేస్తుంది. అందుకే నిరాశ కూడా ఇంట్లోనే మొదలవుతుంది, టికెట్ కొనకముందే.

నా సంగతి చెప్తా. 2011 అక్టోబర్ 30, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా. ఇక్కడినుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. నేనూ, తాడిపత్రి స్నేహితుడూ పొద్దున బస్సెక్కాం. అంతకు రెండు రోజుల ముందే గుర్గావ్‌లో వాళ్ళ షో రద్దయింది, జనం స్టేజీ మీద పడి గొడవ చేశారు. పెనుకొండ దాటినా, బాగేపల్లి దాటినా మాకు ఒకటే టెన్షన్, ఇదన్నా జరుగుతుందా లేదా అని. జరిగింది. 'వన్' పాట ముందు యుద్ధం శబ్దాలు వస్తాయి కదా, తుపాకులు, బాంబులు. అవి మొదలవగానే మా వాడు ఏడ్చేశాడు. నిజంగా, గడ్డం మీదికి కారేలా.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒకాయన, "ప్రతిసారీ ఇవేనా" అని విసుక్కున్నాడు. విదేశాల్లో ఐదుసార్లు చూశాడట. మా వాడు కళ్ళు తుడుచుకుంటూనే వెనక్కి తిరిగి, "సార్, మాకు ఇదే మొదటిసారి" అన్నాడు. ఆయన ఇంక మాట్లాడలేదు.

1981లో మొదలైన బ్యాండ్ ఇండియాలో మొదటి షో చెయ్యడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసినవాడికి అరుదైన పాట ఎందుకు? వాడికి అన్నీ అరుదైనవే. ఐదుసార్లు చూసినవాడి ఆకలి వేరు. ఇద్దరూ ఒకే టికెట్ కొన్నారు, ఒకే బురదలో నిలబడ్డారు.

తెలిసిన పాటలే మళ్ళీ మళ్ళీ కావాలనడం విదేశాలవాళ్ళ జబ్బు అనుకోవద్దు. మన సీమకు ఇది పాత అలవాటే. సురభి నాటకాలు 1885లో పుట్టింది కడప జిల్లాలోనే. నాటకాల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలో. మా తాత పద్య నాటకాల పిచ్చోడు. కృష్ణుడు రాయబారానికి వస్తే ఏ పద్యం తర్వాత ఏది వస్తుందో ముందు వరసలో చాప మీద కూర్చున్నవాళ్ళందరికీ కంఠస్థం. అయినా "వన్స్ మోర్!" అదే పద్యం రెండుసార్లు, మూడుసార్లు. తెల్లారిపోయేది. ఒక్క పద్యం ఎగ్గొడితే మాత్రం ఊరుకునేవాళ్ళు కాదట. పాడిందే పాడాడని ఎవరూ తిట్టలేదు. ఈ రాత్రి ఎట్లా పాడాడు, ఆ రాగం ఎంతసేపు లాగాడు, అదే చూసేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా తాత చెప్పేవాడు. నటుడికి వయసు మీద పడితే హార్మోనియం ఆయన నెమ్మదిగా శ్రుతి దించేవాడట. వినేవాళ్ళకు తెలుసు. తెలిసీ చప్పట్లు కొట్టేవాళ్ళు. రాక్ బ్యాండ్లూ అదే చేస్తాయి. రికార్డులో ఉన్నదానికంటే అర మెట్టు కిందకి గిటార్లు దించి వాయిస్తాయి. మెటాలికా తొంభైల నుంచే స్టేజీ మీద అట్లా వాయిస్తోంది. దానికి తోడు గొంతుకు భారమైన పాటలు రెండు పక్కపక్కన రాకుండా చూసుకోవాలి. డ్రమ్ములు కొట్టేవాడి కాళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్‌కు 2023లో పక్షవాతం వచ్చింది. కోలుకుని మళ్ళీ టూర్లు చేసి, 2024 డిసెంబర్‌లో, 72 ఏళ్ళ వయసులో, ఇక టూర్లు చాలన్నాడు. మనం "ఆ స్పీడు పాట ఎందుకు తీసేశారు" అని అరుస్తుంటాం.

నాటకంలో వన్స్ మోర్ ఎందుకు కుదిరింది? హార్మోనియం, తబలా రెండే, రెండూ పాడేవాడి వెంట నడుస్తాయి. స్టేడియంలో అట్లా కాదు. ఏ పాటకు ఏ లైటు, తెర మీద ఏ బొమ్మ, ఎక్కడ మంట లేవాలి, అంతా ముందే కట్టి పెట్టుకుంటారు. స్టేజీ వెనక ఒకాయన తర్వాతి పాటకు తగ్గట్టు శ్రుతి చేసిన గిటార్ పట్టుకుని నిలబడి ఉంటాడు. పైగా మన దగ్గర రాత్రి పది దాటితే మైకు బంద్. ఇంక వన్స్ మోర్ ఎక్కడ?

అట్లని బ్యాండ్లను పూర్తిగా వెనకేసుకు రాను. అమెరికా బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు రోజూ పాటలు మార్చేవాళ్ళు. అక్కడి రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఏళ్ళ తరబడి జనం చేతిలో అట్టముక్కల మీద రాసిన పాటలు చూసి అప్పటికప్పుడు ఎత్తుకునేవాడు. అలవాటు చేసింది ఆయనే. అందుకే 2023లో చాలావరకు ఒకే వరస పట్టుకునేసరికి ఫ్యాన్సుకు మండింది. ఆ షోను ఆయన వయసు గురించి, పోయిన స్నేహితుల గురించి ఒక కథలా కట్టాడు. 73 ఏళ్ళవాడు ఆ కథ చెప్తుంటే మధ్యలో నా పాట అంటూ అట్ట ఊపడం నాకైతే బాగా అనిపించదు.

మెటాలికా మాత్రం 2023లో ఒక ఉపాయం వేసింది. ఒక్కో ఊళ్ళో రెండు రాత్రులు, ఒక్క పాట కూడా మళ్ళీ రాదు. బాగుంది కదా? ఒక్క రాత్రికే డబ్బులున్నవాడిని అడగండి. పెద్ద పాట అవతలి రాత్రికి పోతే వాడి బాధ వినడానికి ఎవరుంటారు? పాత ఫిర్యాదు తీరింది, కొత్తది పుట్టింది. పైగా ఇది డబ్బున్నవాడికి అనుకూలమైన ఉపాయం.

2006లో మెయిడెన్ ఇంకో సాహసం చేసింది. అప్పుడే వచ్చిన కొత్త ఆల్బమ్‌ను, డెబ్బై నిమిషాలకు పైగా, మొదటి పాట నుంచి చివరిదాకా వరసగా వాయించింది. పాతవి కావాలని జనం గోల పెట్టారు. 2007 మార్చి 17న బెంగళూరు వచ్చేసరికి అందులో కొన్నే మిగిలాయి. ఆ రోజు నా జేబులో డబ్బుల్లేక వెళ్ళలేదు. వెళ్ళుంటే నేనూ పాతవే అడిగేవాణ్ణి, అబద్ధం ఎందుకు? కానీ ఇప్పుడు నా ఓటు 2006 వాళ్ళకే. ముప్ఫై ఏళ్ళు వాయించినవాళ్ళు మా కొత్త పని బాగుంది, ఒక్కసారి కూర్చుని వినండి అన్నారు. అంతే కదా.

నాకు కోపం వచ్చేది ఒక్కచోటే. గొంతు పలకడం లేదని రికార్డు పెట్టి పెదాలు ఆడిస్తారే, అక్కడ. పాట తీసేయండి, శ్రుతి దించండి, అది మాత్రం వద్దు.

ఇదంతా మా కుర్రాడికి చెప్పా. ఉగ్గాని చల్లారిపోయింది. వాడు ఓపిగ్గా విని, "అయితే నా పాట ఎప్పుడన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి తాడిపత్రి వాడికి ఫోన్ చేశా. "ఆ రోజు బెంగళూరులో ఏమేం వాయించారురా?" అని అడిగా. గుక్క తిప్పుకోకుండా నాలుగు పాటల పేర్లు చెప్పాడు. అందులో ఒకటి ఆ రోజు వాయించనే లేదు. నేను సరిదిద్దలేదు.