కౌంటీ కోర్టులో క్రిమినల్ కేసు: టెక్సాస్‌లో అరెస్టు నుంచి తీర్పు దాకా

[తెర మీద: కోర్టు కాగితం మొదటి పేజీ. పైన “ది స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్”, పక్కన ఖాళీ గీత.]

షాపులో దొంగతనం చేశారన్న కేసు ఇది. కేసు పేరు చూడండి. ఇందులో షాపు పేరు లేదు. 140 డాలర్ల సరుకు పోయిందని పోలీసుల్ని పిలిచింది షాపువాళ్లే, కానీ కేసు నడిపేది టెక్సాస్ రాష్ట్రం. షాపువాళ్లు సాక్షులు మాత్రమే.

“మేనేజర్‌ని కలిసి డబ్బు కట్టేస్తే కేసు తీసేస్తారా?” మనవాళ్లు ముందుగా అడిగేది ఇదే. తీసేసే అధికారం మేనేజర్‌కి లేదు. కేసు నడపాలా, వదిలేయాలా అన్నది కౌంటీలో (మన జిల్లా లాంటిది) రాష్ట్రం తరఫున కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ (డీఏ) ఆఫీసు తేలుస్తుంది. కొన్నాళ్లకు షాపు తరఫు లాయర్ల నుంచి ఇంత కట్టమని ఉత్తరం రావచ్చు. అది సివిల్ వ్యవహారం. కట్టినా క్రిమినల్ కేసు ఉన్నచోటే ఉంటుంది.

[తెర మీద: డాలస్ ఉత్తర శివార్ల మ్యాప్. కాలిన్, డెంటన్ కౌంటీల సరిహద్దు గీత ఫ్రిస్కో మీదుగా.]

ఉదాహరణకి ఫ్రిస్కోలో ఉండే మన విద్యార్థి ఒకరిని అనుకుందాం. సెల్ఫ్ చెకౌట్‌లో కొన్ని వస్తువులు స్కాన్ చేయలేదు. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో పరుచుకున్న ఊరు కాబట్టి, షాపు ఏ వైపు ఉందన్న దాన్ని బట్టి కేసు కాలిన్ కౌంటీకి వెళ్తుందా, డెంటన్‌కి వెళ్తుందా అన్నది ఉంటుంది. మన షాపు కాలిన్ వైపు ఉందనుకుందాం. అంటే కోర్టు మెకిన్నీలో.

ఏ కోర్టుకి వెళ్తుందన్నది సరుకు విలువ తేలుస్తుంది. 100 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ సి, అంటే అన్నిటికన్నా చిన్న తరగతి నేరం. మామూలుగా 500 డాలర్ల దాకా జరిమానాతో పోతుంది, జైలు ఉండదు, మున్సిపల్ కోర్టో జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టో చూసుకుంటుంది. 100 నుంచి 750 లోపు క్లాస్ బి: 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ: ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. ఈ బి, ఎ కేసులే కౌంటీ కోర్టువి. ఆపైన ఫెలొనీ, అంటే పెద్ద నేరం, అది డిస్ట్రిక్ట్ కోర్టుకి పోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఇవాళ 60, పోయిన నెల 50 అనుకుని ఊరుకుంటే కుదరదు. ఒకే పద్ధతిలో వరసగా చేసినవని తేలితే అన్నీ కూడి ఒకే కేసుగా పెట్టొచ్చు. పాత వీడియోలు షాపు దగ్గర ఉంటాయి.

[తెర మీద: షాపు వెనక చిన్న గది, టేబుల్ మీద ఒక కాగితం, పెన్ను.]

అసలు నష్టం చాలాసార్లు ఈ గదిలోనే జరుగుతుంది. అనుమానం వచ్చినవాళ్లని సహేతుకమైన సమయం పాటు ఆపే హక్కు షాపుకి ఉంది. సెక్యూరిటీవాళ్లు మర్యాదగానే మాట్లాడి ఒక కాగితం ముందు పెడతారు. “సారీ రాసి సంతకం పెడితే పంపేస్తారేమో” అని మనవాళ్లు గబగబా రాసేస్తారు. మాట్లాడకుండా ఉండే హక్కుందని ముందుగా చెప్పి తీరాలన్న మిరాండా నియమం కస్టడీలో ప్రశ్నించే పోలీసులకి వర్తిస్తుంది, మామూలుగా షాపు ఉద్యోగులకి కాదు. ఆ సారీ కాగితమే రేపు సాక్ష్యం. పేరు, వివరాలు సరిగ్గా చెప్పండి, మిగతాది లాయర్‌తోనే మాట్లాడతానని మర్యాదగా అనండి. పెద్దవాళ్ల ముందు తప్పు ఒప్పుకుంటే క్షమిస్తారన్నది మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. ఇక్కడ అది పని చేయదు.

క్లాస్ బి దొంగతనంలో, ఆ కౌంటీలోనే ఉండేవారైతే, అరెస్టు చేయకుండా ఫలానా రోజు హాజరవ్వమని చీటీ ఇచ్చి పంపే వీలు పోలీసులకి ఉంది. అది వాళ్ల ఇష్టం, మన హక్కు కాదు.

[తెర మీద: కౌంటీ జైలు, మేజిస్ట్రేట్ బల్ల.]

అరెస్టు చేస్తే 48 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందుకి తీసుకురావాలి. ఆయన ఆరోపణ ఏమిటో చెప్తారు, హక్కులు చదువుతారు, బాండ్, అంటే బయటికి రావడానికి ఇవ్వాల్సిన పూచీ, ఎంతో నిర్ణయిస్తారు. మన కథ చెప్పుకునే చోటు ఇది కాదు. మన కాన్సులేట్‌కి కబురు పెట్టమని అడగొచ్చు. భారతీయుల విషయంలో అడిగితేనే పెడతారు.

బాండ్ మొత్తం నగదుగా కడితే, వాయిదాలన్నిటికీ హాజరైతే, కేసు ముగిశాక ఫీజులు పోను వెనక్కి వస్తుంది. బెయిల్ బాండ్ ఏజెంటు ద్వారా అయితే సుమారు పది శాతం అతనికి ఇస్తాం, అది తిరిగి రాదు. డబ్బు లేకుండా సొంత పూచీ మీద వదిలే పర్సనల్ బాండ్ కూడా ఉంది.

తర్వాత కొన్నాళ్లు ఏమీ జరగదు. ఉత్తరం రాలేదు కాబట్టి కేసు పోయిందనుకోకండి. ఇలాంటి మిస్‌డిమీనర్‌లో, అంటే చిన్న నేరంలో, ఛార్జ్ పెట్టడానికి ప్రాసిక్యూటర్‌కి, అంటే డీఏ ఆఫీసు లాయర్‌కి, రెండేళ్ల గడువుంది. ఫెలొనీకైతే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే 12 మంది పౌరుల గ్రాండ్ జ్యూరీలో 9 మంది ఒప్పుకోవాలి. మిస్‌డిమీనర్‌కి ఆ గొడవ లేదు, డీఏ ఆఫీసు కాగితం దాఖలు చేస్తే చాలు.

[తెర మీద: కోర్టు హాలు. బెంచీల మీద ఫైళ్లు పట్టుకున్న జనం.]

కేసు కౌంటీ కోర్ట్ ఎట్ లా అనే కోర్టుకి చేరుతుంది. టెక్సాస్‌లోని 254 కౌంటీల్లో “కౌంటీ జడ్జి” అనే పదవి వేరే ఉంది. పెద్ద కౌంటీల్లో ఆయన పని ఎక్కువగా బడ్జెట్లు, రోడ్లు చూసుకోవడమే. మన కేసు వినేది ఆయన కాదు. వినే జడ్జి కూడా ఎన్నికల్లో గెలిచి వచ్చినవారే, కాకపోతే లాయర్ అయి ఉండాలి.

ఇక వాయిదాలు. లాయర్లు “సెట్టింగ్”, “రీసెట్” అంటుంటారు. నెలల తరబడి నడుస్తుంది, విసుగే. ఒక్కటి ఎగ్గొట్టినా బాండ్ పోతుంది, వారంట్ వస్తుంది, హాజరు కానందుకు ఇంకో కేసు కూడా పడొచ్చు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టుని అడగండి. జైలు పడే అవకాశమున్న ఈ కేసుల్లో కోర్టే ఇస్తుంది, వీసా ఏదన్నది దానికి అడ్డు కాదు. ఇంగ్లిష్ తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు. మొహమాటపడి రూమ్మేట్‌తో పని కానివ్వకండి.

ఈ నెలల్లోనే లాయర్ ప్రాసిక్యూటర్ దగ్గరున్న వీడియోలు, రిపోర్టులు తెప్పించుకుంటారు. ఆ హక్కు గట్టిపడటానికి కారణం మైకేల్ మోర్టన్ అనే టెక్సాస్ మనిషి. భార్యని చంపాడన్న తప్పుడు తీర్పుతో దాదాపు 25 ఏళ్లు జైల్లో ఉండి 2011లో బయటికొచ్చాడు. అతనికి పనికొచ్చే ఆధారాలు డిఫెన్స్‌కి అందనేలేదు. 2013లో అతని పేరు మీద చట్టం వచ్చింది. అడిగితే ఫైలు చూపించాల్సిందే.

[తెర మీద: నాలుగు కాగితాలు పక్కపక్కనే. ఒకదాని చుట్టూ ఎర్ర గీత.]

ఇప్పుడు వీడియోలో అసలు సంగతికి వచ్చాం. విచారణ దాకా వెళ్లే కేసులు తక్కువ. చాలావరకు ప్రాసిక్యూటర్ ఇచ్చే ఆఫర్ మీదే తేలిపోతాయి. కొట్టివేత, ప్రీట్రయల్ డైవర్షన్ (పెట్టిన షరతులు పూర్తి చేస్తే విచారణ లేకుండానే కేసు వదిలేయడం), డిఫర్డ్ అడ్జుడికేషన్, లేదా నేరం ఒప్పుకుని శిక్ష. ఇక్కడ పుట్టినవాళ్లకి డిఫర్డ్ మంచి బేరం. నేరం ఒప్పుకుంటారు, జడ్జి తీర్పు ఇవ్వకుండా కొంతకాలం నిఘాలో పెడతారు, సక్రమంగా ఉంటే కేసు కొట్టేస్తారు. టెక్సాస్ లెక్కలో శిక్ష పడనట్టే.

ఇమిగ్రేషన్ లెక్క వేరు. ఫెడరల్ చట్టం ప్రకారం గిల్టీ అనో నో కాంటెస్ట్ (ఒప్పుకోను, వాదించను) అనో చెప్పి, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెడితే అది కన్విక్షనే. అంటే ఇక్కడి కోర్టు కొట్టేసిన కేసు, వీసా ఆఫీసర్ దగ్గర శిక్ష పడిన కేసు. డైవర్షన్ నయమే, కానీ అందులోనూ తప్పు ఒప్పుకున్నట్టు సంతకం అడుగుతున్నారేమో చదవాలి.

క్లాస్ ఎకీ బికీ మధ్య తేడా కూడా ఇక్కడే కరుస్తుంది. దొంగతనం నైతిక దుష్ప్రవర్తన కిందికొచ్చే నేరం. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్ల లోపు చేసిన అలాంటి ఒక్క నేరానికి, చట్టంలో ఏడాది లేదా అంతకు మించి శిక్ష పడే వీలుంటే, డిపోర్టేషన్‌కి దారి తీయొచ్చు. క్లాస్ ఎలో ఆ ఏడాది ఉంది, బిలో లేదు. జడ్జి ఒక్కరోజు జైలు కూడా వేయకపోయినా చూసేది గరిష్ఠ శిక్షనే. అందుకే లాయర్ ఎ ని బికి దింపించడానికి బేరమాడటం చిన్న విషయం కాదు.

ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయర్‌దే అని 2010లో పడీయా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నలభై ఏళ్లకు పైగా ఇక్కడున్న గ్రీన్‌కార్డు మనిషికి, ఇన్నేళ్లు ఉన్నావుగా, నీకేం భయం లేదన్నాడట లాయర్. ఆ మాట నమ్మి నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ మీద పడింది. కాబట్టి సంతకానికి ముందు ఆఫర్ కాగితం ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు వద్దు.

[తెర మీద: ఆరు కుర్చీల జ్యూరీ బాక్స్.]

ఆఫర్ నచ్చకపోతే విచారణ. కౌంటీ కోర్టు జ్యూరీలో ఆరుగురే, ఫెలొనీకి 12 మంది. ఆరుగురూ ఒకే మాట మీదకి రావాలి. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించే బరువంతా రాష్ట్రానిదే, మనం నోరు విప్పకపోయినా అది మనకి వ్యతిరేకం కాదు. ఓడితే మెకిన్నీ నుంచి అప్పీలు డాలస్‌లోని ఐదో అప్పీళ్ల కోర్టుకి. నోటీసుకి మామూలుగా 30 రోజుల గడువు. ప్లీ బేరంతో, అంటే ఆఫర్‌కి ఒప్పుకుని నేరం ఒప్పుకోవడంతో, ముగిసిన కేసులో అప్పీలు హక్కు చాలామటుకు ఉండదు.

[తెర మీద: కోర్టు క్లర్కు కౌంటర్, ముద్ర వేసిన కాగితం.]

కేసు కొట్టేశారు అనుకుందాం. అరెస్టు రికార్డు దానంతట అది చెరిగిపోదు. దాన్ని చెరిపించే ఎక్స్‌పంక్షన్ కోసం విడిగా పిటిషన్ వేయాలి, దానికి అర్హత ఉండాలి. అది వేయడానికి ముందే క్లర్కు ఆఫీసుకి వెళ్లి కేసు ముగింపు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని దాచుకోండి. ఎందుకంటే డీఎస్-160 వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, చెరిపేసిన రికార్డు అయినా అవుననే రాయాలి. అప్పుడు కాన్సులేట్‌వాళ్లు ఆ కాగితం అడుగుతారు. చెరిపేశాక వెళ్తే ఇవ్వడానికి క్లర్కు దగ్గర అది ఉండదు.