కెంటకీ గుర్రాల ఊరు లెక్సింగ్టన్: ఏప్రిల్‌లో వెళ్లవచ్చా?

నమస్కారమండీ. అమెరికాలో వసంతకాలం రాగానే మనవాళ్లంతా చెర్రీ పూల కోసం వాషింగ్టన్‌కు బయలుదేరతారు. అక్కడికి చేరాక పూల కంటే తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకని ఈసారి దారి మార్చి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌కు వెళ్లాం. ఊరు మధ్యలో, చుట్టూరా గుర్రాల ఫారాలు. ప్రపంచానికే గుర్రాల రాజధాని మాదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. తప్పకుండా వెళ్లండి. అయితే మధ్యాహ్నం జరిగే పందాల మీద కంటే, పైసా ఖర్చు లేని ఉదయాల మీద ఆశ పెట్టుకుని వెళ్లండి.

ఇప్పుడు తెరపై కనిపిస్తున్నది కీన్‌లాండ్. 1936లో మొదలైన పందెపు మైదానం. లెక్సింగ్టన్ విమానాశ్రయానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల ఉంటుంది. ఏడాదిలో ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మాత్రమే ఇక్కడ పందాలు జరుగుతాయి. మిగతా కాలమంతా శిక్షణ, వేలం. పొద్దున్నే గుర్రాలను సాధనకు తీసుకొస్తారు. టికెట్టు అడిగేవారు ఎవరూ ఉండరు, నేరుగా ట్రాక్ కంచె దాకా వెళ్లి నిలబడవచ్చు.

ఈ భాగంలో వెనక సంగీతం పెట్టలేదు, కారణం వింటే తెలుస్తుంది. డెక్కల చప్పుడు కంటే ముందు మనల్ని పట్టేది ఊపిరి చప్పుడు. దౌడు తీసే గుర్రం అంగకొక్క ఊపిరి చొప్పున తీస్తుంది. అందుకే ఆ శబ్దం తాళం తప్పకుండా దగ్గరవుతూ, మన ముందు నుంచి దూసుకుపోయి, మలుపు దగ్గర సన్నబడుతుంది. చలి ఇంకా వదలని ఉదయం కాబట్టి తిరిగొచ్చే గుర్రాల వీపుల మీద ఆవిరి లేస్తుంటుంది. రౌతు కళ్లెం వదులు చేసి, మెడ మీద రెండు సార్లు తట్టి, పక్కన వస్తున్న మరో రౌతుతో కబుర్లాడుతూ వెళ్లిపోతాడు. టీవీలో పందెం చూస్తే ఇదేదీ కనిపించదు.

అక్కడే ట్రాక్ కిచెన్ అనే చిన్న భోజనశాల ఉంది. పనివాళ్లతో పాటు బయటివారూ తినవచ్చు. ఇక్కడ బిస్కెట్లంటే మన తీపి బిస్కెట్లు కావు, మెత్తటి చిన్న రొట్టెలు. వాటి మీద పోసే తెల్లటి గ్రేవీలో సాధారణంగా మాంసం ఉంటుంది, శాకాహారులు అడిగి తీసుకోండి. గ్రిట్స్ అని మొక్కజొన్న రవ్వతో చేసేది ఒకటుంది. కాస్త ఉప్పు, మిరియాల పొడి చల్లితే మన ఉప్మాకు దూరపు చుట్టంలా అనిపిస్తుంది. పోపు లేని లోటు మాత్రం తీరదు.

ఇక మధ్యాహ్నం పందాల సంగతి. బుధవారం నుంచి ఆదివారం వరకు ఉంటాయి. రెండు డాలర్లతో పందెం కాయవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. విన్ అంటే మీ గుర్రం మొదట రావాలి. ప్లేస్ అంటే మొదటి రెండింటిలో, షో అంటే మొదటి మూడింటిలో ఉంటే చాలు. కొత్తవారు షోతో సరిపెట్టుకోండి, వచ్చేది తక్కువైనా కాసేపు సరదా మిగులుతుంది. హైదరాబాదు మలక్‌పేట రేసులు చూసినవారికి ఇక్కడి జనం వింతగా తోస్తారు. సూట్లు, పూల గౌన్లు, వెడల్పాటి టోపీలు వేసుకుని పెళ్లికి వచ్చినట్టు వస్తారు. పందెం ఎవరు గెలిచారో పట్టనివారు కూడా చాలామందే. అన్నట్టు, 1997 వరకు ఇక్కడ పందెం నడుస్తుండగా మైకులో వ్యాఖ్యానమే ఉండేది కాదట. ఆ నిశ్శబ్దంలో ఒక్కసారి చూసే అవకాశం మనకు దక్కలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం బ్లూ గ్రాస్ స్టేక్స్ జరుగుతుంది. మే మొదటి శనివారం లూయీవిల్‌లో జరిగే కెంటకీ డెర్బీకి ఇది సన్నాహక పందెం. ఆ రోజు మాత్రం వెళ్లకండని నా సలహా. రెండు నిమిషాల్లోపు ముగిసే పందెం కోసం పార్కింగులోనే సగం రోజు పోతుంది, ముందు వరుసలో నిలబడినవారి టోపీలు తప్ప ఏమీ కనిపించవు.

ఊరు దాటి ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ అనే రోడ్డెక్కండి. అసలు వసంతం అక్కడుంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన పాత గోడలు, నల్లరంగు పూసిన చెక్క కంచెలు మైళ్ల తరబడి సాగుతాయి. రెడ్‌బడ్ చెట్లను కారు ఆపి దగ్గరగా చూడండి. ఆకు ఇంకా తొడగని కొమ్మల మీద, ఒక్కోసారి మాను బెరడు మీదే గులాబీ రంగు మొగ్గలు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. ఈ నేల కింద సున్నపురాయి ఉంది. ఆ కాల్షియం నీటిలోకి, గడ్డిలోకి చేరి గుర్రాల ఎముకలకు బలమిస్తుందని ఇక్కడి పెంపకందారుల నమ్మకం. రెండు వందల ఏళ్లకు పైగా ఆ నమ్మకం మీదే ఇంత వ్యాపారం నడుస్తోంది.

ఏప్రిల్‌లోనే వెళ్లమనడానికి మరో కారణం గుర్రప్పిల్లలు. థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం ఏ నెలలో పుట్టినా ఉత్తరార్ధగోళంలో దాని వయసును జనవరి 1 నుంచే లెక్కిస్తారు. డిసెంబరులో పుట్టిన పిల్లకు మరుసటి నెలకే ఏడాది నిండినట్టు! అందుకని కొత్త సంవత్సరం రాగానే ఈనేలా, పదకొండు నెలల గర్భాన్ని లెక్కగట్టి మరీ జత కలుపుతారు. ఆ లెక్క పుణ్యమా అని ఏప్రిల్ నాటికి ప్రతి పచ్చికలోనూ తల్లుల పక్కన పిల్లలు కనిపిస్తాయి. ఒంటికి మించిన కాళ్లతో అవి గెంతుతుంటే మా పిల్లలు ఫోను పక్కన పెట్టేశారు.

కంచె బయట నుంచి చూసి తృప్తి పడకుండా ఏదైనా ఫారం సందర్శన ముందుగా బుక్ చేసుకోండి. పారిస్ అనే పక్క ఊళ్లో క్లెయిబోర్న్ ఫారం ఉంది. 1973 డెర్బీని రెండు నిమిషాల్లోపు ముగించి, ఇప్పటికీ చెరగని రికార్డు పెట్టిన సెక్రటేరియట్ సమాధి అక్కడే. మేము వెళ్లిన మరో ఫారంలో మాత్రం గైడు గుర్రాల ధరలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. వాన కూడా తోడైంది. ఏప్రిల్‌లో ఇక్కడ వాన, చలి, ఎండ ఒకే రోజు పలకరిస్తాయి. పుప్పొడి పడనివారు మందులు వెంట తెచ్చుకోవాలి.

పన్నెండు వందల ఎకరాల కెంటకీ హార్స్ పార్కుకు అందరూ మాన్ ఓ వార్ విగ్రహం కోసం వెళతారు. 21 పందాల్లో 20 గెలిచిన గుర్రం, తప్పేమీ లేదు. కానీ ఆ దగ్గరలోనే ఉన్న ఐజాక్ మర్ఫీ సమాధి దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఈ నల్లజాతి జాకీ 1884, 1890, 1891లో డెర్బీ గెలిచాడు. 1875లో జరిగిన తొలి డెర్బీలో 15 మంది జాకీలుంటే 13 మంది నల్లజాతివారే. తర్వాత కొన్ని దశాబ్దాల్లో వాళ్లను ఈ ఆట నుంచి దాదాపు పూర్తిగా నెట్టేశారు. మర్ఫీని మొదట పాతిపెట్టింది లెక్సింగ్టన్‌లోని నల్లజాతివారి శ్మశానంలో. అక్కడి నుంచి తెచ్చి ఈ ప్రసిద్ధ గుర్రం చెంత మళ్లీ పాతిపెట్టారు. గౌరవమే అనుకోవచ్చు, నాకైతే మనసొప్పలేదు. ఊరి నడిబొడ్డున చీప్‌సైడ్ అనే చోట ఒకప్పుడు బానిసలను వేలం వేసేవారు. అందమైన ఫారాలు చూసి మురిసిపోయే రోజే అక్కడికీ వెళ్లి రండి.

ఖర్చుల విషయానికి వస్తే, పందాలున్న వారాంతాల్లో హోటల్ గదుల ధరలు మండిపోతాయి. కారు లేకుండా ఈ ఊరు చూడడం దాదాపు అసాధ్యం. సిన్సినాటి నుంచైనా, లూయీవిల్ నుంచైనా గంటన్నర లోపు ప్రయాణమే కాబట్టి అక్కడ బంధువులుంటే వాళ్ల ఇంట్లో దిగి వెళ్లి రావచ్చు. రాత్రివేళ సందడి, షాపింగ్ కావాలనుకునేవారికి ఇది సరిపడదు. అక్టోబరులో వెళ్లినా పందాలు, రంగు మారిన ఆకులు ఉంటాయి, కానీ అప్పటికి గుర్రప్పిల్లలను తల్లుల నుంచి విడదీసి ఉంటారు. నా మాట వింటే ఏప్రిల్ మధ్యలో బుధ, గురువారాలు చూసుకుని గది బుక్ చేసుకోండి, అలారం మాత్రం ఐదున్నరకే పెట్టుకోండి.